చేయి చాలని చోటు

ఆదివారం మధ్యాహ్నం కచేరీకి బయల్దేరే ముందు నీంకె అద్దం ముందు నిలబడి ఉంది. వెనక నుంచి హిడ్డె వచ్చి, ఆమె కోటు భుజానికి అంటిన వెన్నను బొటనవేలితో తుడిచి ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు. పెళ్లై ఇంకా రెండు నెలలు నిండలేదు. ఇంట్లో ఏది ముట్టుకున్నా ఇద్దరికీ నవ్వొచ్చే రోజులవి.

"చేతులు మంచులా ఉన్నాయే. భయమా?" అన్నాడు ఆమె చేతులు పట్టుకుని.

"భయం కాదు, ఆకలి."

"ఇప్పుడేగా నాలుగు రొట్టె ముక్కలు లాగించావు."

"అయితే భయమే అనుకో."

హిడ్డె దీవులకు వెళ్లే పడవ మీద పనిచేస్తాడు. నీంకె హార్లింగెన్ అనే రేవు ఊళ్లో పిల్లల నాట్యబడిలో పియానో వాయిస్తుంది. పిల్లలు కాలెత్తితే ఒక వరస, గిర్రున తిరిగితే ఇంకో వరస, వాళ్ల పాదాలు చూస్తూ అప్పటికప్పుడు అల్లాలి. అదీ పాత శాస్త్రీయ పద్ధతిలో, ఎప్పుడో ఎవరో రాసిపెట్టినంత పద్ధతిగా ఉండాలి. అలా అల్లడం ఆమెకు మాట్లాడినంత తేలిక.

ఆ అల్లికలకు అసలైన చోటు మాత్రం వేరే ఉంది. పియానోలు బాగుచేసే దుకాణం మేడమీద గదిలో ప్రతి శనివారం ముగ్గురు కలుస్తారు. ఒకరు వీబ్రెన్. యాభై దాటిన మనిషి, చర్చిలో ఆర్గన్ వాయిస్తాడు. ఆశువుగా వాయించడం అంటే ఆ ఊళ్లో ఆయన పేరే చెబుతారు. రెండో మనిషి మారిట్, నీంకెకి చిన్ననాటి స్నేహితురాలు. పెళ్లిలో పూలు పట్టుకుని పక్కన నిలబడింది ఆమే. మూడో మనిషి నీంకె. కాఫీతో తలా ఒక్క బిస్కెట్, వెంటనే డబ్బాకు మూత. ఒకరు వాయించాక చప్పట్లు ఉండవు. తరవాతివాళ్లు ఆ ఆఖరి స్వరం పట్టుకుని మొదలుపెట్టాలి. రికార్డు చేయకూడదు, రాసుకోకూడదు. ఇంకా తడి ఆరనివాటిని, సగం తప్పులతో ఉన్నవాటిని ఒకరి ముందు ఒకరు పరుచుకునే గది అది.

వేసవిలో అక్కడే, మెల్లగా కిందికి దిగే మూడు స్వరాలు నీంకె వేళ్లకు దొరికాయి. వారం వారం వాటినే ఎత్తుకుని కాస్త కాస్త పెంచింది. "దీన్ని వదలకమ్మాయ్," అన్నాడు వీబ్రెన్. ఆమె వదల్లేదు. ఈ ఆదివారం కచేరీలో రెండో సగం నీంకెది. తన సొంత స్వరరచన, తన పేరుతో, ఊరందరి ముందు మొదటిసారి. మొదటి సగం వీబ్రెన్‌ది. ఎవరైనా పాడి ఇచ్చిన స్వరాల మీద ఆయన అప్పటికప్పుడు వాయిస్తాడు.

చర్చి బెంచీలన్నీ నిండాయి. వీబ్రెన్ పియానో పక్కన నిలబడి జనం వైపు తిరిగాడు. "మూడు నాలుగు స్వరాలు ఇవ్వండి. మీ పక్కింటి కుక్క ఎలా మొరుగుతుందో చెప్పినా తీసుకుంటాను."

అందరూ నవ్వారు. వెనక బెంచీలో ఓ పెద్దాయన గొంతు సవరించుకుంటున్నాడు. ఆయన నోరు తెరిచేలోపు ముందు వరసలో మారిట్ లేచి మూడు స్వరాలు పాడింది. మెల్లగా కిందికి దిగే మూడు స్వరాలు.

నీంకె ముందు నవ్వుకుంది. తన రెండో సగానికి మారిట్ ముచ్చటగా దారి వేస్తోంది అనుకుంది. వీబ్రెన్ మొదలుపెట్టాడు. మొదటి వరస నీంకెదే. సరే, ఇక్కణ్ణుంచి ఆయన వేరే దారి పట్టుకుంటాడు. పట్టుకోలేదు. రెండో వరసా తనదే, మూడోదీ తనదే. ఒడిలో పెట్టుకున్న ఆమె చేతులు వాటంతటవే కదులుతున్నాయి.

ఆ రచన మధ్యలో ఒక చోటు ఉంది. మంద్రంలో బాగా ఎడంగా ఉన్న రెండు స్వరాలు కలిసి మోగాలి. నీంకె చేయి చిన్నది, అంత దూరం చాలదు. అందుకని కింది స్వరం ముందు నొక్కి, లిప్తపాటు ఆగి, పైదానికి గెంతుతుంది. వీబ్రెన్ చేయి పారంత ఉంటుంది. అంతకన్నా పెద్ద ఎడం కూడా ఆయనకు నిద్రలో అందుతుంది. ఆ చోటు వచ్చింది. ఆయన కింది స్వరం నొక్కి, లిప్తపాటు ఆగి, పైదానికి గెంతాడు.

హిడ్డె ఆమె చెవి దగ్గరికి వంగాడు. "ఇది నీది కదా?"

"ఊఁ."

"మరి ఆయనెందుకు వాయిస్తున్నాడు?"

చుట్టూ జనం చప్పట్లు కొడుతూ లేచి నిలబడ్డారు.

విరామంలో కోట్లు తగిలించే వెనక గదిలోకి వెళ్లింది. వీబ్రెన్ మెడ తుడుచుకుంటున్నాడు. మారిట్ కాఫీ కలుపుతోంది.

"కుదిరింది కదమ్మాయ్?" అన్నాడు వీబ్రెన్.

"కుదిరింది. నాకు కుదరడానికి వేసవంతా పట్టింది."

ఆయన తువ్వాలు మడతపెట్టాడు. "అక్కడ కూర్చున్నాక బుర్ర ఖాళీ అయిపోతుంది. చేతులు తెలిసిన చోటికి పోతాయి. నీది నా చేతుల్లోకి అంతగా ఇంకిపోయిందంటే అది నీ గొప్ప కాదూ?"

ఒక్క క్షణం నీంకెకి నమ్మాలనిపించింది. నమ్మితే శనివారాలు మిగులుతాయి. మారిట్ వైపు తిరిగింది. "ఏమే, నువ్వు ఆ మూడే ఎందుకు పాడావు?"

మారిట్ చెంచా తిప్పుతూనే ఉంది. "ఈయనే పాడమన్నారు."

"ఎప్పుడు?"

"పోయిన వారం. మేడమీద సాధన చేస్తున్నారు కూడా. నీకు తెలుసనుకున్నాను."

"తెలుసనుకున్నావా?"

చెంచా ఆగింది. "అనుకోలేదు," అంది మారిట్.

"అక్కడ నీదీ నాదీ అని ఎన్నడైనా చూసుకున్నామా?" అన్నాడు వీబ్రెన్. "నా దగ్గర నువ్వేం తీసుకోలేదా?"

"బోలెడు తీసుకున్నాను. మీ ఎదురుగా తీసుకున్నాను. ఇది మీదేనండీ అని చెప్పి మరీ వాయించాను."

ఆయన బల్ల అంచున కూలబడ్డాడు. గొంతు తగ్గింది. "ఏడాదిగా నాకేమీ రావడం లేదు నీంకె. కూర్చుంటాను. ఏమీ రాదు."

"అడగాల్సింది. ఇచ్చేదాన్ని."

"ఇచ్చేదానివే. కానీ అడిగి తెచ్చుకున్నది ఆశువు ఎలా అవుతుంది?"

అది ఆయన నిజాయితీగానే అడిగాడు. అందుకే నీంకెకి ఒళ్లు మండింది.

"బయటికెళ్లి అది నాదని చెప్పండి."

ఆయన తువ్వాలు మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టాడు. విరామం అయిపోయినట్టు గంట మోగింది.

"ఈ పూటకి వేరేది ఏదైనా వాయించవే," అంది మారిట్. "నాట్యబడిలో వాయిస్తావే, అలాంటిది. నీకదెంత సేపు?"

నీంకె వెళ్లి పియానో ముందు కూర్చుంది. వేరేది వాయిస్తే తనది ఇక ఆయనదే అయిపోతుంది. తనదే వాయిస్తే దొంగిలించింది అంటారు. కుర్చీ ఇంకా ఆయన చేతులకు తగ్గట్టు జరుపుకున్న చోటే ఉంది. ఆ మూడు స్వరాలు నొక్కింది.

బెంచీల్లో కదలిక వచ్చింది. ఒకరి మోచేయి ఇంకొకరికి తగిలింది. కోపం కాదు, అందరి ముఖాల్లో మురిపెం. అది చూసి ఆమె చూపు మీటల మీదికి దించేసుకుంది. ఎక్కడా తొందరపడకుండా, ఒక్క స్వరం మార్చకుండా చివరి దాకా వాయించింది. ఇంత బాగా అది ఎప్పుడూ పలకలేదు.

అయ్యాక ఓ ముసలావిడ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఎంత చక్కటి ఆలోచన తల్లీ. మీ గురువుగారు అప్పుడే కట్టినదాన్ని ఒక్కసారి విని దించేశావు. ఎంత జ్ఞాపకశక్తి నీకు."

"ఆయన నా గురువు కాదండీ."

"మరి ఏమవుతారు?"

ఉదయం దాకా ఆ ప్రశ్నకు ఒక మాట ఉండేది. నీంకె మెల్లగా చేతులు విడిపించుకుంది.

"నేను చెప్పనా ఆవిడకి?" అన్నాడు హిడ్డె, కోటు తొడుగుతూ. "పొగమంచులో అవతలి పడవ వాళ్లకి వినిపించే గొంతు నాది. ఇక్కడెంత?"

"వద్దులే. భార్య కోసం అరిచాడంటారు."

బయట సైకిళ్ల దగ్గర మారిట్ ఎదురుచూస్తోంది. ఏడ్చినట్టుంది. "శనివారం వస్తావా?"

"రాను."

"మరి ఎక్కడ వాయిస్తావే? మనకు మనం తప్ప ఇంకెవరికి అర్థమవుతుంది?"

అది అబద్ధం కాదు. ఈ ఊళ్లో ఆ స్వరాలు ఎక్కడ మలుపు తిరిగాయో, ఎందుకు తిరిగాయో పట్టుకోగలిగే చెవులు ఆ రెండు జతలే. నీంకె తాళం తీసి సైకిలెక్కింది.

సముద్రం మీది గాలికి ఎదురు తొక్కుతూ ఇద్దరూ ఇంటిదారి పట్టారు. రేవు దాటాక, తొక్కుడు లయకి ఒక కొత్త వరస ఆమె గొంతులోకి వచ్చింది. పైకి లేచి, చటుక్కున పక్కకు వంగే వరస. చాలా బాగుంది. తెలియకుండానే కూనిరాగం తీసింది.

"ఏంటది? కొత్తదా?" అన్నాడు హిడ్డె సైకిల్ దగ్గరగా తెచ్చి.

నీంకె పెదాలు బిగించింది. "ఏం లేదు," అంది.

పెళ్లయ్యాక అతని దగ్గర ఆమె దాచుకున్న మొదటి సంగతి అది. ఇల్లు చేరేదాకా ఆ వరసను బయటికి రానివ్వకుండా పళ్ల బిగువున పట్టుకుని తొక్కింది.