బాణలి బొమ్మ

"పాల మీద ఓ కన్నేసి ఉంచమ్మా" అని అత్తగారు స్నానానికి వెళ్ళారు.

ఆమె స్టవ్ ముందు నిలబడింది. రెండు కళ్ళూ పాల మీదే ఉన్నాయి, అందులో లోపం లేదు. కానీ ఆ మాట చెవిన పడిన క్షణం నుంచీ గిన్నెలో ఒక కన్ను తేలుతూ కనబడుతోంది, రెప్పలతో సహా, ఓ పక్క మీగడ అంటుకుని. అత్తగారి ఎడమ కన్నే అది. కింద పుట్టుమచ్చ కూడా ఉంది. సామాన్ల చీటీ వెనక పెన్సిలుతో నాలుగు గీతలు గీసేలోపు పాలు పొంగి స్టవ్వంతా పారాయి. "కన్నేసి ఉంచమంటే ఏం చేశావే తల్లీ!" అంటూ అత్తగారు తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చారు. ఏం చేసిందో చీటీ మీద ఉంది గానీ, అప్పుడు చూపించడం క్షేమం కాదని ఆమెకి కూడా తెలుసు.

ఆమెకి మాటలు అర్థం కావని లోకం నమ్మకం. శుభ్రంగా అర్థమవుతాయి. కాకపోతే అర్థం కంటే ఒక అడుగు ముందు బొమ్మ వచ్చి నిలబడుతుంది. "నా తల తినకే" అని చిన్నప్పుడు అమ్మ విసుక్కుంటే, సగం తల లేని అమ్మని గీసి చూపించి వీపు మీద రెండు తిన్నది. ఎవరో నోరు పారేసుకున్నారని విన్న రోజు, ఆ నోరు ఏ రోడ్డు మీద పడి ఉందో, ఎవరు తొక్కుతారో అని నిద్రపట్టలేదు. ఇప్పుడు నలభై నాలుగేళ్ళు. బెంగ పోయింది, బొమ్మలు పోలేదు. నోటుపుస్తకాలు పదహారు నిండాయి.

ఉద్యోగం పాఠ్యపుస్తకాలు వేసే ఆఫీసులో బొమ్మలు గీయడం. ఆకు అడ్డుకోత, జీర్ణవ్యవస్థ, కప్ప, పంతొమ్మిదేళ్ళుగా అవే. కప్ప ముందు కాలికి అయిదు వేళ్ళు పడ్డాయని, ఉండాల్సింది నాలుగేనని పట్టుకుని, అచ్చుకి వెళ్ళబోతున్న పుస్తకాన్ని ఆపింది ఆమే. మీటింగులో ఆ మెప్పు అందుకున్నది సెక్షన్ హెడ్డు. తర్వాత ఆమె దగ్గరికొచ్చి, "మీరు కాస్త కలుపుగోలుగా ఉంటే ఎప్పుడో ప్రమోషన్ వచ్చేదండీ" అని ఉచిత సలహా ఇచ్చాడు. వెనక బల్లల దగ్గర ఇద్దరు చెవులు కొరుక్కున్నారు. ఆ బొమ్మకి ఆమె ఎర్ర సిరా వాడాల్సి వచ్చింది.

ఇంట్లో పని సంగతి చెప్పుకుంటే తరగదు. అయిదింటికి లేవడం, రెండు లంచ్ డబ్బాలు కట్టడం, భర్త చొక్కాల కాలర్లు రుద్దడం, అత్తగారి మాత్రలు వారానికోసారి సర్దడం, చుట్టాలొస్తే నవ్వు తగిలించుకుని కూర్చోవడం. ఆ చివరిదే అన్నిటికంటే కష్టం. నలుగురూ ఒకేసారి మాట్లాడుతూ, పైన ఫ్యాను కిర్రుమంటూ, ఎవరో భుజం మీద చెయ్యి వేస్తే ఒళ్ళంతా మంట. లేచి వెనక గదిలోకి వెళ్ళి గోడకి నుదురు ఆనించుకుని నిలబడేది. "ఇల్లంతా నీ చేతుల మీదే నడుస్తోందమ్మా" అని చుట్టాలు మెచ్చుకునేవారు. అదీ వేసింది. ఇంటికి కాళ్ళు, కాళ్ళకి చెప్పులు, కింద రెండు అరచేతులు.

కిందటేడు తలనొప్పులకని వెళ్తే, ఆ డాక్టరమ్మ ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పంపింది. ఆవిడ మూడు గంటలు మాట్లాడి "ఆటిజం" అంది. ఆ రోజు బస్సులో ఆమెకి ఏడుపొచ్చింది, సంతోషంతో. తనది తిక్క కాదు, పొగరు కాదు, తన తీరే అది. భర్త మాత్రం మర్నాటి నుంచి ఆమెతో గట్టిగా, ఒక్కో మాటా విడగొట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు, చెవుడు వచ్చినవాళ్ళతో మాట్లాడినట్టు. పొగరు నుంచి జబ్బు దాకా వచ్చాడు గానీ, మనిషి దాకా ఇంకా రాలేదు.

అతను రోజుకోసారైనా అనే మాట ఒకటుంది: "నీతో వేగలేక చస్తున్నా." పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఆ మాటకి బొమ్మ వెయ్యడానికి ఆమెకి మూడు వారాలు పట్టింది. ఇస్త్రీ బల్లే ఆమె డ్రాయింగ్ బల్ల. పెద్ద బాణలి, మరిగే నూనె. అందులో నడుము దాకా మునిగి, ఒక పక్క ఎర్రగా వేగిపోయి, ఆమె. పొయ్యి పక్కన గళ్ళ చొక్కాతో అతను. ఒక చేతిలో గరిటె, రెండో చేత్తో తన నుదుటి చెమట తుడుచుకుంటూ, "నీతో వేగలేక చస్తున్నా" అంటున్నాడు.

ఇస్త్రీ బట్టల కోసం వచ్చిన అత్తగారు ఆ బొమ్మ ముందు ఆగిపోయారు. ఆమె చీవాట్లకి సిద్ధపడి నిలబడింది. ఆవిడ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"బాణలి ఇంకాస్త పెద్దది వెయ్యాల్సిందమ్మా. నేనూ పట్టేదాన్ని."

"కాగితం ఇంతే ఉంది అత్తయ్యా" అంది ఆమె. నిజంగానే అంతే ఉంది.

ఒక గ్యాలరీకి బొమ్మల ఫోటోలు తనే పంపింది. గ్యాలరీ యజమాని ముప్పై బొమ్మలు ఎంచుకున్నాడు. భర్త అందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాడు, ఆ ముప్పైలో బాణలి ఉందని చూసేదాకా. "ఇంకా ఇరవై తొమ్మిది ఉన్నాయిగా, అదొక్కటి తీసెయ్. నలుగురిలో తలెత్తుకోలేను" అన్నాడు. "తియ్యను" అంది. వారం రోజులు ఆ ఇంట్లో అవే రెండు మాటలు.

బొమ్మలు తగిలించే రోజు పొద్దున మాత్రం అతను హుషారుగా తనే కారులోకి ఫ్రేములు మోశాడు. ఎందుకో గ్యాలరీ గుమ్మంలో తెలిసింది. ఆమె అంత ఎత్తున్న బోర్డు, దాని మీద అందమైన అక్షరాలు: "మాటలకు అర్థం తెలియని ఒక అమాయక మనసు గీసిన బొమ్మలు."

"మీవారు ఫోన్లో అంతా చెప్పారు మేడమ్. నాకే కళ్ళు చెమర్చాయి. చూడండి, జనం క్యూ కడతారు" అన్నాడు యజమాని.

"తనకి తెలియదు సార్, పాపం" అన్నాడు భర్త. ఆమె అక్కడే ఉంది. "వేగడమంటే సర్దుకుపోవడమని తెలియక బాణలి వేసేసింది." ఇద్దరూ మెత్తగా నవ్వుకున్నారు. తర్వాత ఆమె వైపు వంగి, "నీ బొమ్మ నీకుంది, నా పరువు నాకుంది. ఇంకేం కావాలి?" అన్నాడు.

పైన లైట్లు జుయ్యిమంటున్నాయి. లోపల పనివాళ్ళు అప్పటికే కొన్ని ఫ్రేములు మేకులకి తగిలించేశారు. ఊరికే తలూపితే చాలు. ముప్పై బొమ్మలూ గోడలెక్కుతాయి, జనం ముచ్చటపడతారు, ఇంట్లో గొడవ ఉండదు. అన్నీ దక్కుతాయి, వాటిని తను కావాలనే వేసిందన్న మాట తప్ప. నూనెలో ఉన్నదెవరో, వేగలేనని అరిచేదెవరో ఇరవై రెండేళ్ళు చూసి, గరిటె ఎవరి చేతిలో పెట్టాలో మూడు వారాలు ఆలోచించి వేసిన బొమ్మ అది. ఇప్పుడది పొరపాటున పడిన మరక అంటున్నారు. తనకి కోపం వచ్చిందని ఆమెకి మామూలుగా రెండు రోజుల తర్వాత తెలుస్తుంది. ఈసారి కోపం వేళకే వచ్చింది.

"ఆ బోర్డు తీసెయ్యండి" అంది, యజమాని చొక్కా రెండో గుండీ వైపు చూస్తూ. మొహంలోకి చూస్తే చెప్పాల్సిన మాట చేజారిపోతుంది.

"అచ్చయిపోయింది మేడమ్. సాయంత్రమే ప్రారంభం."

"అయితే నా బొమ్మలు తీసుకెళ్ళిపోతాను."

బెదిరింపు కాదది. ఆమెకి బెదిరించడం రాదు. మొదటి మేకు నుంచి మొదలుపెట్టి వరసగా దించసాగింది. నాలుగో ఫ్రేము నేల మీదికి వచ్చేసరికి యజమాని రెండు చేతులూ అడ్డుపెట్టాడు. "ఆగండి మేడమ్, ఆగండి! మరి బోర్డు మీద ఏం ఉండాలి?"

ఆమె బోర్డుని వెనక్కి తిప్పింది. తెల్లగా ఉంది. మార్కర్ అడిగి తీసుకుని నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. పంతొమ్మిదేళ్ళు బొమ్మల కింద పేర్లు రాసిన చెయ్యి, అక్షరం వంకర పోలేదు. "ఈ ముప్పై బొమ్మలూ అర్థం తెలిసే వేశాను." కింద సంతకం.

భర్త బోర్డుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "ఇది పెడితే ఆ గరిటె పట్టుకున్నది నేనేనని అందరికీ తెలిసిపోతుంది!"

ఆమె మార్కర్‌కి మూత పెట్టింది.

"తెలియడానికే వేశాను" అంది.