పతకం అంచున ఉన్న పేరు

మా ఆయనకు రక్త విరేచనాలు పట్టుకుని ఆరు రోజులైంది. సముద్రం దాటొచ్చిన ఈ లంబాసా తోటలో రోజుకింత కొట్టాలని ఆయనకిచ్చిన చెరకు టాస్కు మాత్రం తగ్గలేదు. ఇంకొక్క రోజు పనికి రాకపోతే కోర్టుకు పంపుతానని కూలీల చేత పని చేయించే సర్దార్ రామ్ చంద్ర కూలి లైనులో మా గది గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్లాడు. ఆయన లేచి కత్తి పట్టుకుని రెండడుగులు వేశాడు, పడిపోయాడు.

బియ్యం డబ్బా అడుగున, గుడ్డలో చుట్టి దాచిన వెండి పతకం ఒకటుంది. చీనా యుద్ధంలో కోట తలుపు పేల్చడానికి మందుసంచి మోసుకెళ్లిన సిపాయిలిద్దరు తూటాలకు కూలిపోతే, మూడోవాడిగా ఈయన పాక్కుంటూ వెళ్లి, సంచి తలుపు కింద పెట్టి వత్తి ముట్టించాడు. అందుకిచ్చారు దాన్ని. ఎవరికీ చూపించనని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. పలటన్‌లో సిపాయిలుగా చేసినవాళ్లు తిరగబడతారని గిర్మిట్‌కు, అంటే ఐదేళ్ల కూలి ఒప్పందానికి, తీసుకునేవారు కాదు. అందుకే మద్రాసు డిపోలో రంగస్వామి అనే సొంత పేరు దాచి, కూలి మునియ్యనని రాయించుకున్నాడు. మేం కలిసిందీ ఆ డిపోలోనే. నా కాగితంలో మునియ్య భార్య అని రాశారు.

నేను ఒట్టు తప్పాను. దాని మీది రాణి బొమ్మ చూస్తే తెల్లవాడు కనికరిస్తాడనుకుని పతకం పట్టుకుని తోట దొర దగ్గరికి పరిగెత్తాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, అంచును వెలుతురుకు పెట్టి చూశాడు. అక్కడ చెక్కినవి చదువు రాని నాకు ఉత్త గీతలు. రంగస్వామి ఎవడని అడిగాడు. పతకం దొంగసొత్తని తన దగ్గరే పెట్టుకుని కోర్టుకు రాశాడు.

మర్నాడు మా ఆయన్ని ఎడ్లబండిలో పడుకోబెట్టి కోర్టుకు తెచ్చారు. దుబాసీ మున్సామి మనవాడే. వంగి మెల్లిగా చెప్పాడు.

“చూడన్నా, రంగస్వామినంటే ఈ వెండి తమగా నీదే. గిర్మిట్ మాత్రం ఝూటా అయిపోతాది. అప్పుడీ అమ్మ నీ జోరూ కాదు, పెళ్లాం కాదు, వేరే తోటకి పంపేస్తారు. మునియ్యనంటే చోరీ కేసు, మూణ్ణెల్లు జైలు. సాబుకి ఏం చెప్పమంటావ్?”

మా లైనులోంచి ఒంటరిగా వేరే తోటకు పంపిన జసోద నెల తిరక్కుండా ఏట్లో శవమై తేలింది. ఆ జబ్బుతో జైల్లో ఆయన బతకడు. రెండూ మా ఇద్దరికీ తెలుసు. ఆయన నా వైపు చూశాడు. నిజం చెప్పెయ్యి, నేనెక్కడికైనా పోతాను అనాల్సింది నేను.

“మునియ్యనే,” అన్నాడాయన. “అది నాది కాదు. ఓడలో ఎవడి మూటలోంచో తీశాను.”

మున్సామి వెంటనే మేజిస్ట్రేటు దొరకు చెప్పలేదు. నన్ను చూస్తూ కాసేపు ఆగాడు. ఆగినంతసేపూ నేను తల వంచుకునే ఉన్నాను.

పదకొండో రోజున జైలు నుంచి కబురొచ్చింది.