సముద్రపు ఆవు దగ్గర ఆగిన ఓడ

వినుకొండలో పురుగుమందుల కొట్టు నడిపే శివరామకృష్ణకి ఈ ఓడ ప్రయాణం ఊరికే రాలేదు. సీజన్లో టార్గెట్ పూర్తిచేసిన డీలర్లని కంపెనీ టూరుకి తీసుకెళ్లడం మామూలే. ఈసారి అండమాన్, చిన్న ఓడలో దీవులన్నీ తిరగడం. ఆఖర్లో అమ్మకం టార్గెట్‌కి కొంచెం తగ్గింది. సరిగ్గా అప్పుడే మిరపతోటలో తామరపురుగు పడిందంటూ రైతు యలమంద కొట్టుకి వచ్చాడు. ఒక మందు సరిపోయేచోట రెండోది కూడా చేతిలోపెట్టి, రెండూ కలిపి కొట్టమన్నాడు శివరామకృష్ణ. కలిపితే పూత రాలొచ్చనీ, ఆ ఘాటు మనిషికి పడదనీ తనకి తెలుసు.

"మీరు చెప్పాక ఇంకేముందండీ. శుక్రవారం పొద్దున కొడతాను" అని యలమంద సంచీ భుజాన వేసుకున్నాడు.

ఇవాళ శుక్రవారం.

పొద్దున్నే ఒక దీవి పక్కన ఇంజను ఆగింది. చెడిపోయిందనుకుని అందరూ పైకొచ్చారు. అక్కడే స్థిరపడిన తెలుగు గైడు కిందికి చూపించాడు. తేటనీళ్ల అడుగున గడ్డి. ఆ గడ్డి మేస్తూ బూడిదరంగు పెద్ద జంతువు, పక్కనే దాని పిల్ల.

"సముద్రపు ఆవు" అన్నాడు గైడు గొంతు తగ్గించి.

పిడుగురాళ్ల డీలరు ఖాజావలి నవ్వాడు. "మా ఇంటి బర్రేరా ఇది. కొమ్ములు మర్చిపోయొచ్చింది."

"ఇంజనెందుకు ఆపారండీ?" అన్నాడు శివరామకృష్ణ.

"దీనికి గబుక్కున తప్పుకోవడం రాదండి. ఓడ ఫ్యాను తగిలితే అంతే. అది వెళ్లేదాకా మనమే ఆగాలి."

తల్లి మెల్లగా పైకి తేలి, ముక్కురంధ్రాలు తెరిచి బుస్సుమని గాలి వదిలింది. శివరామకృష్ణకి యలమంద కళ్లముందు కనిపించాడు. ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, వీపున స్ప్రేయరుతో, తన మాట నమ్మి మిరప వరసల్లో నడుస్తున్న మనిషి.

ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు.

"దీవి మలుపు తిరిగితే వస్తుందండి" అన్నాడు గైడు.

త్వరగా పోనివ్వమని అడగబోయాడు. పిల్ల తల్లి పొట్టకింద దూరింది. అడగలేకపోయాడు.

"ఏరా, మొహం పాలిపోయింది. సముద్రం పడలేదా?" అన్నాడు ఖాజావలి.

"యలమందకి రెండూ కలిపిచ్చాన్రా."

ఖాజావలి నవ్వు ఆగిపోయింది. "అందరం ఇచ్చేదేగా" అని అటు తిరిగి నిలబడ్డాడు.

ఆవు తీరిగ్గా మేసి లోతుకి పోయింది. ఓడ మలుపు తిరగ్గానే ఫోన్ కలిసింది. యలమంద భార్య కోటిరత్నం ఎత్తింది.

"కొడతానే ఉన్నాడండి. సగం అయింది."

"ఆపించమ్మా. ఫోన్ అతనికివ్వు."

"సరిగా కలపలేదాండీ?" అన్నాడు యలమంద.

"నువ్వు సరిగానే కలిపావు. నేనే టార్గెట్ కోసం రెండోది అంటగట్టాను. అవి కలపకూడదు. కళ్లు తిరుగుతున్నాయా?"

"కాస్త. ఎండనుకున్నా."

"ఎండ కాదు. బట్టలు మార్చి, ఒళ్లు సబ్బుతో కడుక్కుని ఆసుపత్రికి పో. రెండు డబ్బాలూ డాక్టరుకి చూపించు."

తిడతాడని శివరామకృష్ణ ఎదురుచూశాడు. తిడితే బాగుండేది.

"పోన్లెండి, ఇప్పుడైనా చెప్పారు" అన్నాడు యలమంద.

వెనక కంపెనీవాళ్లు బ్యానరు కట్టి ఫొటోకి పిలుస్తున్నారు. తాను లేకుండానే తీసుకోమని చెయ్యి ఊపి, శివరామకృష్ణ ఫోన్ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. చాలాసేపటికి కోటిరత్నం చేసింది.

"సెలైను ఎక్కిస్తున్నారు. భయం లేదన్నారు" అంది. "ఇక పెట్టేస్తున్నానండి. నాకు మీతో మాట్లాడబుద్ధి కావట్లేదు."

"అలాగేనమ్మా" అన్నాడు.