చిల్లుల ఆకు

మా చెల్లి షాపు ముందు ఆగిన ప్రతి మనిషీ నాకు గుర్తే. గుర్తుపెట్టుకోవాలని కాదు, నా కళ్ళు ఊరుకోవు. నా షాపు, దాని షాపు పక్కపక్కనే, మధ్యలో ఒక్క గోడ. ఇటు నావి మామూలు కూరగాయలు, తడి గోనెసంచుల మీద గుట్టలు గుట్టలుగా. అటు దానివి ఆర్గానిక్ కూరగాయలు, ఒక్కోటీ ఒక్కో ట్రేలో, పైన పల్చటి ప్లాస్టిక్ కప్పుకుని, ఆసుపత్రిలో పసిపిల్లల్లా పడుకుని ఉంటాయి. పైన పచ్చరంగు బోర్డు: "మందు తాకని పంట".

ఆ బోర్డు ఎక్కిన రోజే నా కడుపులో మంట మొదలైంది. దానిది మందు తాకని పంట అయితే నాది ఏమిటట? పేరు ఎత్తకుండా తిట్టడమంటే అదే కదా!

దానికి కూరగాయల ఓనమాలు దిద్దించింది నేను. టమాటా కింద వేలు పెట్టి మెత్తబడిందో లేదో చూడడం, క్యాబేజీని గుప్పిటతో నొక్కి గట్టిదో బోలుదో చెప్పడం, అన్నీ నా దగ్గర నేర్చుకున్నదే. పక్కన దర్జీ షాపు ఖాళీ చేయగానే వచ్చి నా భుజం పట్టుకుని, "అక్కా, నీకు పోటీ కాదే, నా సరుకు వేరు" అంది. వేరేనట! నా గిరాకీలో సగం మందిని గోడ అవతలికి లాక్కుపోయింది. పైగా వాళ్ళు అటు వెళ్తూ నన్ను చూసి తప్పు చేసినవాళ్ళలా నవ్వుతారు. ఆ నవ్వు పుండు మీద కారం.

ఒకసారి టీచరమ్మను ఆపి అడిగేశాను కూడా. "ఇన్నేళ్ళు నా కూరలు తిన్నారు, మీకేమైంది? గుండ్రాయిలా ఉన్నారు కదమ్మా!"

ఆవిడ పాపం నీళ్ళు నమిలింది. "అదేం కాదండీ, ఒంటికి మంచిదంటున్నారు కదా అని..."

"ఎవరంటున్నారు?"

"అందరూ."

అందరూ అనే మనిషి నా చేతికి చిక్కితే అప్పుడు చెప్తాను.

మా చెల్లితో కూడా పోట్లాడాను. పొద్దున్నే దాని వ్యాను వస్తుంది, ఎక్కడో దూరం నుంచి, నల్లటి పొగ కక్కుకుంటూ. నా ఆకుకూర సైకిలు మీద వస్తుంది, ఊరి చివర మడి నుంచి. తెచ్చేది సైకిలు తాత. నేను పెళ్ళి కాకముందు నుంచీ ఆయన ఆకే అమ్ముతున్నాను.

"నేలకి మంచిది, నీళ్ళకి మంచిది అని ఊదరగొడతావే, ఆ పొగ ఎవరికి మంచిదే? ఆ ప్లాస్టిక్ ఎవరికి మంచిది? సాయంత్రానికి సగం వాడిపోతే పారేస్తావు, అది ఎవరికి మంచిది?"

అది గొడవ పడితే బాగుండేది. పడదు. "నిజమేనక్కా, ఆ ప్లాస్టిక్ చూస్తే నాకూ బాధే. వాడినవి ఎరువు చేస్తున్నాగా" అని వెనక పీపా చూపించింది. వానపాములను పెంచుతోందట. "కానీ వాన పడితే మడిలో మందంతా వాగులోకే కదా పోతుంది. అదొక్కటి ఆపినా మేలే కదా." ఒప్పుకుంటూనే గెలిచే మనిషిని ఏం చేస్తాం? నాకు ఒళ్ళు మండి లోపలికి వచ్చేశాను.

ఇదంతా ఒక ఎత్తు, మా అమ్మాయి సంగతి ఒక ఎత్తు.

మా అమ్మాయి రెండు సందుల అవతల ఉంటుంది. దాని కూతురు, మా బుజ్జిది, ఇప్పుడిప్పుడే మెత్తగా ఉడికించినవి తింటోంది. రోజూ పొద్దున పిల్లబండి తోసుకుంటూ నా షాపుకి వస్తుంది. నేను చేతులు చీరకి తుడుచుకుని బుజ్జిదాన్ని దూరం నుంచే ఆడిస్తాను. మా అమ్మాయి మాత్రం నా చేతులు చూసి రోజూ అదే మాట: "అమ్మా, ఆయింట్‌మెంట్ రాశావా?" నా వేళ్ళ సందుల్లో ఎర్రగా పొక్కి, అరచేతులు పగిలి ఉంటాయి. నీళ్ళలో నాని అలా అయ్యాయంటాను. డాక్టరు నీళ్ళే కావచ్చు, ఆకుల మీది మందే కావచ్చు, గ్లవుజులు వేసుకో అన్నాడు. గ్లవుజులు వేసుకుంటే కట్ట ముడి ఎవరు విప్పుతారు, ఆయన వచ్చి విప్పుతాడా?

ఆ రోజు మా అమ్మాయి వెళ్తుంటే పిల్లబండిలో దుప్పటి కింద నుంచి పాలకూర కాడలు బయటికి కనిపించాయి. కాడలకి పచ్చరంగు రబ్బరు బ్యాండు. నా దగ్గర రబ్బరు బ్యాండ్లు ఉండవు, నేను నారతో కడతాను.

గిరాకీ పోతే పోనీ, ఊళ్ళో వాళ్ళందరూ అటే పోనీ. నా కడుపున పుట్టిన పిల్ల, నా మనవరాలికి పెట్టే మొదటి ముద్ద కోసం, నన్ను దాటి పక్క షాపుకి వెళ్ళిందా? పైగా దుప్పటి కింద దాచిందా? అంటే నేను బాధపడతానని తెలుసు. తెలిసీ వెళ్ళింది. ఆ రోజంతా నేను తూకం వేస్తూ ఎవరికి ఎంత వేశానో నాకే తెలియలేదు. గోడ అవతల మా చెల్లి నవ్వితే చాలు, మా అమ్మాయితోనే నవ్వుతోందేమో అనిపించింది.

దాని సరుకులో ఏముంది, నా సరుకులో లేనిది? చూశాను. చిల్లులు. దాని ఆకులకి పురుగు కొట్టిన చిల్లులుంటాయి. గిరాకీ వాళ్ళు వాటిని వెలుతురుకి పెట్టి, "చూశారా, పురుగు తిన్నదంటే మందు లేనట్టే" అని మురిసిపోతారు. ఇన్నేళ్ళూ నేను ఏరి ఏరి పారేసిన ఆకే అది!

మర్నాడు సైకిలు తాతతో అన్నాను. "తాతా, రేపు చిల్లులున్న పాలకూర ఓ మోపు తీసుకురా."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "చిల్లులున్నదా? ఇన్నాళ్ళూ ఒక్క చిల్లు కనిపిస్తే నా ప్రాణం తీసేదానివి కదే!"

"అబ్బ, తెమ్మన్నాను కదా. ఎందుకో ఏమిటో నీకెందుకు?" సిగ్గేసి ఇంకేం చెప్పలేదు.

తెచ్చాడు. మంచి చిల్లులు. అందులోంచి లేతవి ఏరి కట్ట కట్టాను. మిగతాది బల్ల కింద గోనెలో దాచాను. మా అమ్మాయికి నచ్చితే రేపటి నుంచి నా షాపు ముందూ ఒక బోర్డు పెడదామని, దానికి ఏ రంగు వేయించాలో కూడా అనుకున్నాను. ఎర్ర రంగు.

మా అమ్మాయి రాగానే కట్ట చేతిలో పెట్టాను. "ఇదిగో, మందు కొట్టనిది. బుజ్జిదానికి చెయ్యి. చూడు, చిల్లులు! మీ పిన్ని దగ్గర మాత్రమే ఉంటాయనుకున్నావా?"

అది కట్ట వంక చూసింది, నా వంక చూసింది. ఏదో అనబోయి ఆగింది. "సరేనమ్మా" అని బండిలో పెట్టుకుంది, ఈసారి దుప్పటి పైన. గోడ అవతల మా చెల్లికి కనపడేలా నేనే బండిని కాస్త అటు తిప్పి పంపించాను.

మధ్యాహ్నం ఖాళీ గోనెలు తీసుకెళ్ళడానికి సైకిలు తాత వచ్చాడు. గోనెలు మడత పెట్టుకుంటూ, "ఆ ఆకు మీ చెల్లెలి ఎరువు పీపాలోకే కదా?" అన్నాడు. "వానపాములు చస్తాయేమో, ముందే చెప్పు. మొన్న మందు పడిన మడిలోది."

"మందు పడిందా?"

"పురుగు పట్టిన మడికి మందు కొట్టకుండా ఎలా ఊరుకుంటాను? చిల్లుంటే మందు ఉన్నట్టే కదా మన దగ్గర. ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు."

తెలుసు. ఎందుకు తెలియదు! మందు పడిన మడిని వారం దాటకుండా కొయ్యకూడదని ఆయన చేత ఒట్టు పెట్టించుకున్నది నేనే. చిల్లు కనిపిస్తే ఎప్పుడు కొట్టావని ఆయన పీక పట్టుకున్నదీ నేనే. మా చెల్లి మీద కుళ్ళుతో కళ్ళు మూసుకుపోయి, ఆ ఒక్క మాట అడగడం మర్చిపోయాను. అది బుజ్జిది తినే వేళ.

ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తదు. పిల్లకి పెట్టేటప్పుడు ఫోన్ నోరు నొక్కేస్తుంది మా అమ్మాయి. గోడ అవతలికి పరుగెత్తాను. ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న నేనే, "ఒసేయ్, స్కూటర్ తియ్యవే! బుజ్జిదానికి మందు ఆకు ఇచ్చాను!" అని అరిచాను.

మా చెల్లి ఏమిటి, ఎందుకు అని ఒక్క ముక్క అడగలేదు. ఎదురుగా ఉన్న గిరాకీని అలాగే వదిలేసి బండి తీసింది. దారంతా నేను దాని భుజం ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, తర్వాత చూస్తే నా గోళ్ళ గాట్లు పడ్డాయి.

తలుపు తీసే ఉంది. వంటింట్లో చిన్న కుర్చీలో బుజ్జిది. మూతి చుట్టూ, బుగ్గల మీద, గడ్డం కింద అంతా పచ్చగా పూసుకుని చెంచా కొరుకుతోంది.

"ఆపవే! పెట్టకు!" అని గిన్నె లాగేశాను.

మా అమ్మాయి అదిరిపడింది. "ఏమైందమ్మా? ఇది పిన్ని ఆకు!"

"మరి నేనిచ్చింది?"

చెత్తబుట్ట వైపు చూసింది. నా నారముడి విప్పనైనా విప్పలేదు. అలాగే కట్టగా పడి ఉంది. నేను గోడకి చేరబడిపోయాను. బతికాం అనుకున్నాను. అనుకున్న మరుక్షణమే ఒళ్ళు భగ్గుమంది, అదీ నా బుద్ధి.

"నా ఆకుని చెత్తబుట్టలో వేశావా?"

"చిల్లు కనిపిస్తే మందు ఎప్పుడు పడిందో అడగమని చిన్నప్పటి నుంచీ చెప్పింది నువ్వేగా! పొద్దున అడుగుదామనుకున్నా. నీ ముఖం అంత వెలిగిపోతుంటే నోరు రాలేదు."

"మీ పిన్నివి కూడా చిల్లులేగా? అక్కడ అడుగుతున్నావా? అది ఏం చెప్తే అదే వేదమా నీకు?" మా చెల్లి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఉంటే ఉండనీ అనుకున్నాను.

మా అమ్మాయి గిన్నె నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని వెల్లకిలా తిప్పింది.

"పాప కోసం కాదమ్మా. శుభ్రంగా కడిగి ఉడికిస్తే ఏదైనా ఒకటేనేమో, నాకేం తెలుసు. ఇవి చూసి కొంటున్నా. నీళ్ళ వల్లో మందు వల్లో నీకూ తెలీదు, డాక్టరుకీ తెలీదు. కట్టలు విప్పే చేతులే ఇలా ఉంటే, మడిలో మందు కొట్టే తాత చేతులు ఎలా ఉంటాయి? నేను కొనే ఆ ఒక్క కట్ట కోసమైనా ఎవరి చేతులూ ఇలా కాకూడదనిపించింది. నీతో ఆ మాట అనలేక దుప్పటి కింద దాచా."

నా అరచేతుల్ని నేనే పరీక్షగా చూసుకున్నాను. జీవితంలో అదే మొదటిసారి అయి ఉంటుంది.

బుజ్జిది కుర్చీలోంచి రెండు చేతులూ నా వైపు చాపింది. ఎత్తుకోబోయాను. ఆ గోనె, ఆ మోపు, ఆ లేత ఆకులు ఒక్కోటీ ఏరిన వేళ్ళు ఇవే. చటుక్కున వెనక్కి తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళి సబ్బుతో తోముకున్నాను. పగుళ్ళలోకి సబ్బు దిగి చురుక్కుమంది. కడిగి, వాసన చూసి, మళ్ళీ కడిగాను.

ఈలోపు బుజ్జిది ఏడుపు అందుకుంది. మా చెల్లి వెళ్ళి ఎత్తుకుంది. బుజ్జిది మా చెల్లి చూపుడువేలు పట్టుకుని నోట్లో పెట్టుకుని, పళ్ళు రాని చిగుళ్ళతో హాయిగా నములుతోంది. మా చెల్లి వేలు వెనక్కి లాక్కోలేదు. లాక్కోవాల్సిన పని దానికి లేదు. దాని బోర్డు చూసి, గిరాకీ చూసి ఎంత కుళ్ళుకున్నానో, అదంతా ఇప్పుడు ఆ వేలిని చూసి పుట్టిన కుళ్ళు ముందు బలాదూర్.

"ఒసేయ్, ఇటివ్వవే దాన్ని" అన్నాను.

అని, చేతులు మళ్ళీ పంపు కింద పెట్టాను.