పెద్దవి కాని పురుగులు

ల్యాబులో ప్లాస్టిక్ కప్పుకొక గొంగళిపురుగును పెంచి, రోజూ తూచి బరువు రాయడం నా ఉద్యోగం. పురుగు ఒంట్లో ఉండే ఒక హార్మోన్ దాన్ని ‘నువ్వింకా పిల్లవే, తిను’ అని తినిపిస్తూనే ఉంటుంది. వేళ రాగానే ఒక జన్యువు ఆ హార్మోన్‌ని కరిగించేస్తుంది. అప్పుడుగానీ పురుగు తిండి మాని, మట్టిలోకి దిగి, రెక్కలతో పైకి రాదు. మేం చేసిన మందు ఆ జన్యువు నోరు నొక్కుతుంది. రెక్కలు లేకపోతే గుడ్లూ లేవు, దాని వంశం అంతటితో సరి.

ఇదంతా అన్నయ్యకి గొప్పగా చెప్పింది నేనే. వదిన వద్దని మొత్తుకున్నా, చెల్లెలి మాట వేదమనుకుని తన మొక్కజొన్న చేనంతా మా పరీక్షకిచ్చాడు. వేరే మందు కొట్టనని సంతకం కూడా పెట్టాడు.

కప్పులో మేత అయిపోతే ఇంకో ముక్క వేసేదాన్ని. పెద్దది కాలేని పురుగు ఎంత తింటోందో రాయడానికి మా కాగితంలో గడే లేదు. అది నాకు తట్టనేలేదు, నా బుద్ధి గడ్డి తిన్నట్టుంది.

చేలో మేత వేసేవాళ్లెవరూ లేరు. పురుగులు వేలంత లావయ్యాయి, మొక్కల నడిమి లేత మొవ్వులు తినేసి కంకుల్లో దూరాయి. ల్యాబు డైరెక్టర్‌గారికి ఫోన్ చేస్తే, చేలో కట్టిన ఎర బుట్టల్లో రెక్కలొచ్చిన తల్లి పురుగు ఒక్కటి కూడా పడలేదని మురిసిపోయారు. మామూలు మందు కొట్టనివ్వమని బతిమాలాను. అంత లావు పురుగు ఏ మందుకీ చావదన్నారు. అది నిజమే. బతికున్న పెద్ద పురుగుల్ని ముప్పై ల్యాబుకి పట్టుకురమ్మని ఫోన్ పెట్టేశారు.

నేను వెళ్లేసరికి అన్నయ్యా వదినా చేత్తో పురుగులు ఏరి డబ్బాలో వేస్తున్నారు. వదిన నావైపు చూడలేదు.

"ఇవెప్పుడు ఆగుతాయే?" అన్నాడు అన్నయ్య.

"వాటంతటవి చచ్చేదాకా ఆగవు అన్నయ్యా."

"అంటే ఎన్నాళ్లు?"

తెలీదన్నాను. ఎందుకొచ్చావని అడిగితే సిగ్గుతో చచ్చిపోతూ కప్పులు చూపించాను. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. అన్నయ్య కంకి పొత్తి ఒలిచి, లోపలున్న పురుగుని నలగకుండా రెండు వేళ్లతో తీసి నా కప్పులో వేశాడు.

"ఇది సరిపోతుందా, ఇంకా పెద్దది వెతకనా?"