దక్షిణాది డీజిల్

జనవరిలో మా ఉజ్బెకిస్తాన్ ఊరు తెర్మెజ్ నుంచి లారీలో ఎండుద్రాక్ష లోడుతో కజకిస్తాన్ ఉత్తరాన ఉన్న పావ్లొదార్‌కు బయలుదేరాను. డీజిల్ మా దగ్గర చవక కదా అని రెండు ట్యాంకులూ ఊళ్ళోనే నింపుకున్నాను. కరగండా దాటిన మర్నాడు పొద్దున, మంచు తప్ప మరేమీ లేని మైదానంలో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఉష్ణోగ్రత సున్నాకు ముప్ఫై నాలుగు డిగ్రీలు కిందకు దిగి ఉంది. దూరంగా పొగ కనిపిస్తే అటు నడిచి, రోడ్డు పక్కనున్న ఒంటరి గుడిసె తలుపు తట్టాను.

తలుపు తీసింది సపర్‌గలి అనే కజక్ ముసలాయన. రోడ్డు మీద మంచు తోసే ట్రాక్టరుకు కాపలాదారు. చలికాలమంతా అక్కడ ఒక్కడే ఉంటాడు.

"దక్షిణం నుంచా? మీ డీజిలే పోసుకొచ్చావా?"

"అవును పెద్దాయనా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

ట్రాక్టరుతో లారీని షెడ్డు దాకా ఈడ్చుకొచ్చాడు. ట్యాంకు మూత తీసి చూపించాడు. చల్లారిన మాంసం పులుసు మీద కొవ్వులా డీజిల్ తెల్లగా పేరుకుంది.

"ముప్ఫై ఏళ్ళు రిఫైనరీ ల్యాబులో చేశాను. డీజిల్ ఎంత చలికి మసకబారుతుందో చూడటమే నా పని. వేసవికి ఒకటి, చలికాలానికి ఒకటి, సైబీరియాకు పంపేది ఇంకొకటి. చలికి ఇలా పేరుకునేది అందులోని మైనం, అది ఎంత తీశామన్నదే తేడా. మీ ఎండలకి మైనమున్నా ఇబ్బంది లేదు. తీస్తే దిగుబడి తగ్గుతుంది, ఊరికే ఎవడు తీస్తాడు?"

"మీ దగ్గర చలికాలం డీజిల్ లేదా?"

"డ్రమ్ములు ఖాళీ. ఎల్లుండి ట్యాంకరొస్తుంది," అన్నాడు, టీ కెటిల్ వైపు చూస్తూ.

ఆ రెండు రోజులూ గుర్రం మాంసం ఉడికించి పెట్టాడు. మాట్లాడుతూనే ఉన్నాడు. భార్య రైహాన్‌ది ల్యాబులో పక్క బల్లేనట. "నీ సీసా అప్పుడే మసకబారిందే, నీలాగే," అని ఏడిపించేదట. ఆమె పోయి నాలుగేళ్ళయింది. మాట మధ్యలో ఆగి, నేను ఊఁ కొడతానా అని చూసేవాడు.

రెండో రోజు బొగ్గు కోసం షెడ్డులోకి వెళ్తే, టార్పాలిన్ కింద నాలుగు డ్రమ్ములు కనిపించాయి. తన్ని చూశాను. నిండుగా ఉన్నాయి. ఒళ్ళు మండిపోయింది. అడిగేద్దామని లోపలికి వచ్చాను. ఆయన ఇద్దరికి సరిపడా పిండి కలుపుతున్నాడు. బొగ్గు పొయ్యి దగ్గర పెట్టి కూర్చున్నాను.

మర్నాడు పొద్దున, "ట్యాంకరు ఇంకా రాలేదు. రేపొస్తుందేమో," అన్నాడు.

"పెద్దాయనా, ఆ చివరి డ్రమ్ము మూత బిగుసుకుపోయింది. రెంచి ఎక్కడుంది?"

చేతిలోని కప్పు బల్ల మీద పెట్టాడు.

"ఎప్పుడు చూశావ్?"

"నిన్న."

"మరి నిన్ననే అడగలేదే?"

"పిండి కలుపుతున్నారుగా."

కోటు తొడుక్కున్నాడు. ట్యాంకుల కింద నిప్పులు పెట్టి కరిగించడం, ఫిల్టరు మార్చడం, కొత్త డీజిల్ పోయడం, అన్నీ తనే చేశాడు. నా మొహం మాత్రం చూడలేదు. మధ్యాహ్నానికి ఇంజను అందుకుంది. ఆ మోతలో ఏదో అన్నాడు. వినపడక కిందికి దిగాను.

"తిరిగొచ్చేది ఏ దారిన అని!"

"ఈ దారినే," అన్నాను.

పావ్లొదార్‌లో అల్మాటీకి లోడు దొరికింది. తూర్పు వైపు రోడ్డు పట్టి అటే వెళ్ళిపోయాను. మళ్ళీ ఆ దారి పట్టేసరికి ఏప్రిల్. మంచు కరిగిపోయింది, ట్రాక్టరు లేదు, షెడ్డుకు తాళం వేసి ఉంది. ఆయన ఎక్కడికెళ్ళాడో చెప్పడానికి చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. కాసేపు హారను కొట్టి, బయలుదేరాను.