నీలం తేలిన ఫ్లాస్కు

నీళ్ళ పరీక్షశాలలో పనిచేసే కెమిస్టుని అందరూ నిప్పాయన అనేవారు. పనిలో అంత నికార్సు, నోరూ అంతే వేడి. కుళాయి నీళ్ళలో క్రిముల్ని చంపే క్లోరిన్ ఉందో లేదో తేల్చేది ఆయనే. అడుగు వెడల్పుగా, మెడ సన్నంగా ఉండే గాజు ఫ్లాస్కులో నీళ్ళు పోసి, మందులు కలిపి, మెడ పట్టుకుని గిరగిరా తిప్పేవాడు. చుక్క ఒలికితే ఒట్టు! నీలం రంగు తేలిందా, క్లోరిన్ ఉన్నట్టే, నీళ్ళు మంచివే.

నాలుగు రోజులుగా ఇంటింటా వాంతులు, విరేచనాలు. ఆయన ఐదేళ్ళ కూతురే ఆసుపత్రిలో పడి ఉంది. నీళ్ళు ఆపెయ్యమంటారా అని పైవాళ్ళు రోజూ అడుగుతున్నారు. ఫ్లాస్కు మాత్రం రోజూ నీలంగానే తేలుతోంది.

"నీళ్ళకేం రోగం? తిండి సంగతి చూసుకోమనండి," అని ఫోనులో కసిరాడు. కాచి తాగుదామన్న భార్య నోరూ మొదటి రోజే నొక్కేశాడు. "నేను చూసిన నీళ్ళు నా ఇంట్లోనే కాచుకుంటారా? నలుగురూ నవ్విపోతారు!"

ఐదో రోజు పొద్దున ఆయనకే మనసు పీకింది. క్లోరిన్ బొత్తిగా లేని డిస్టిల్డ్ వాటర్‌తో రోజూ ముందుగా ఇదే పరీక్ష చేసి చూడాలి, రంగు రాకూడదు. ఇరవయ్యేళ్ళుగా చేయి తిరిగినవాడికి అదెందుకులే అని ఎప్పుడో మానేశాడు. ఇవాళ చేశాడు. ఆ నీళ్ళూ నీలమయ్యాయి. గాజుసామాను కడిగే ఆయమ్మని పిలిచాడు.

"ఆయమ్మా! ఫ్లాస్కులు దేంతో కడిగావు?"

"బ్లీచింగ్ పొడితో సార్. పోయిన వారం మరకలున్నాయని నన్ను నానా మాటలూ అన్నారు కదా! అప్పట్నించీ పొడిలో నానబెట్టి, ఓసారి తొలిచి బోర్లిస్తున్నా. ఎలా తళతళలాడుతున్నాయో చూడండి!"

ఆ పొడిలో ఉండేదే క్లోరిన్. ఇన్నాళ్ళూ ఆయన కొలిచింది కుళాయి నీళ్ళని కాదు, ఆయమ్మ కడిగిన కడుగుని. పైవాళ్ళకి చెప్పి నీళ్ళు ఆపించాడు. తర్వాత భార్యకి ఫోన్ చేశాడు.

"ఇదిగో, కుళాయి నీళ్ళు ముట్టుకోకు. పాపకి అసలు పట్టకు."

అవతల సీసా కింద పెట్టిన చప్పుడయింది.

"నీళ్ళు బాగా తాగించమని డాక్టరుగారు అన్నారండీ. ఇక్కడి నీళ్ళ మీద నమ్మకం లేక, నిన్నట్నించీ మనింటివే సీసాల్లో తెచ్చి పడుతున్నా. మీరు చూసినవే కదా అని... ఏవండీ, పిలిస్తే పాప పలకట్లేదు."